మా మనవడి పేరు మోద్రిస్

"పేరేం పెట్టారే?" అన్నారాయన.

"మీదే," అన్నాను.

"నాదేనా? నిజంగా?"

"మీది గాక ఇంకెవరిది పెడతారు!"

"ఏదీ, ఒక్కసారి ఆ పేరుతో పిలువు. వింటాను."

"చాల్లే, ఊరుకోండి. నేను పలికే పేరా అది?"

ఆయన నవ్వారు. నవ్వితే ఆయాసం వచ్చింది. నర్సమ్మ లోపలికొచ్చి, ఇక చాలు వెళ్ళమన్నట్టు నా వైపు చెయ్యి ఊపింది. సంచీ తీసుకుని బయటికొచ్చేశాను. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది.

అందులో నేనన్నది అబద్ధం. పిల్లాడికి పెట్టింది ఆయన పేరు కాదు.

కాపురమన్నాక అబద్ధాలు ఆడకుండా ఎవరుంటారు? కూరలో ఉప్పు మరిచిపోయి, డాక్టరే తగ్గించమన్నాడని ఆయనతో చెప్పిన రోజులున్నాయి. కానీ చావుబతుకుల మధ్య ఉన్న మనిషితో ఆడింది ఇదొక్కటే. ఏడాదైంది. ఈ ఏడాదంతా ఆ ఒక్క మాటలోనే బతుకుతున్నాను. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద అంకె గుర్తుపడతాను, అంతవరకే. నా చెల్లెలి కూతురు ఇక్కడే సిడ్నీ శివారు పారమట్టాలో చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటోంది. నేను చెబుతుంటే అది రాస్తోంది. ఈ సంగతిలో దాని చెయ్యి కూడా ఉంది గనక దాన్నే కూర్చోబెట్టాను. దాని సంగతి వచ్చినప్పుడు కలం ఆపకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

మాకు అమ్మాయి ఒక్కతే. చదువుకని ఈ దేశం వచ్చింది, ఇక్కడే ఉద్యోగం తెచ్చుకుంది, తనతో పనిచేసే కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. అల్లుడు సిడ్నీలోనే పుట్టాడు గానీ వాళ్ళ అమ్మమ్మది లాట్వియా అనే దేశం. ఎక్కడో చలిదేశాల్లో చిన్న ముక్కట. మా ఆయన ఆర్టీసీలో బస్సు డ్రైవరు. ఆయన రిటైరయ్యాక అమ్మాయి మా ఇద్దర్నీ ఇక్కడికే తెచ్చుకుంది. పెండిల్ హిల్‌లో ఇల్లు. కరివేపాకు అయిపోతే నేనే నడిచి వెళ్ళి తెచ్చుకుంటాను. దోసకాయలూ, గోంగూర కట్టలూ అమ్మే కొట్టు మా వీధి చివరే. అంకె గుర్తున్న ఆస్పత్రి బస్సు తప్పిస్తే, అంతకు మించి ఒక్కదాన్నీ ఎక్కడికీ వెళ్ళలేను.

అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళ నాన్నకి మాటిచ్చింది. "మగపిల్లాడైతే నీ పేరే నాన్నా," అంది. మాకు కొడుకుల్లేరు. ఆయన పేరు ఆయనతోనే పోతుందని మేమిద్దరమూ ఎప్పుడో మనసుకు చెప్పుకున్నాం. అలాంటి మనిషికి ఈ మాట దొరికేసరికి ఇక పట్టలేకపోయాం. ఆ పూటే ఒంగోల్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పారు. ఆ చెల్లెలు అంటే ఆయనకి కూతురి కింద లెక్క. తల్లి పోయిననాటికి దానికి నాలుగేళ్ళు, ఈయనకి పదమూడు. జడలు వేసింది ఈయనే, బడికి ఎత్తుకెళ్ళింది ఈయనే. నాకు ఆడబిడ్డ అయినా అత్తగారి పెత్తనం ఎప్పుడూ చెయ్యలేదు. నేనంటే ప్రాణం.

అమ్మాయికి నెలలు నిండే వేళకి ఆయన ఆస్పత్రిలో పడ్డారు. గుండె బలహీనపడి ఒళ్ళంతా నీరు పట్టింది. ఆ వారంలోనే అల్లుడి అమ్మమ్మ మా ఇంటికొచ్చింది.

వాళ్ళంతా ఆమెను ఓమా అంటారు, మనం అమ్మమ్మా అన్నట్టు. నేనూ అలాగే అంటాను. ఎనభై దాటిన మనిషి. గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది గానీ చెయ్యి పట్టుకుంటే వదలదు. వచ్చేటప్పుడు నల్లటి రొట్టె ఒకటి, కాగితాల సంచీలో ఒక క్యాలెండరూ తెచ్చింది. క్యాలెండరు బల్ల మీద పరిచింది. మన క్యాలెండర్లో తిథి, నక్షత్రం రాసి ఉండేచోట వాళ్ళకి పేర్లున్నాయి. రోజుకి రెండు మూడు పేర్లు. ఆ రోజున ఆ పేరున్నవాళ్ళ ఇంటికి పిలవకపోయినా చుట్టాలు వెళ్తారట. ఆ ఇంటివాళ్ళు తలుపు తీసి ఉంచి, కాఫీ కాచి పెట్టుకుని ఎదురుచూస్తారట. ఒక గడిలో ఒక పేరు కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. దాని మీద వేలు పెట్టి ఏదో చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

"ఏమంటోందే ఆమె?" అని నా చెల్లెలి కూతుర్ని అడిగాను.

"పుట్టబోయే బాబుకి వాళ్ళ అన్నయ్య పేరు పెట్టమంటోంది పెద్దమ్మా. మోద్రిస్ అట."

"ఏం రిస్సు?"

"మోద్రిస్."

"అదేం పేరే? బిస్కట్టు పేరులాగుంది."

"పెద్దమ్మా! ఆమె చూస్తోంది, నవ్వబాకు."

నవ్వలేదు. ఆమె చెప్పింది విన్నాక నవ్వు రాలేదు. వాళ్ళ దేశంలో చాలాకాలం పిల్లలకి పేర్లన్నీ చర్చి పుస్తకాల్లోంచి, తమని ఏలిన జర్మన్ దొరల దగ్గర్నుంచి వచ్చినవేనట. తర్వాత వాళ్ళకి పట్టుదల వచ్చింది. మన మాటలు మనకున్నాయి గదా, మన పిల్లలకి మన మాటలే పేర్లుగా పెట్టుకుందాం అనుకున్నారట. అలా పుట్టిన పేర్లలో ఇదొకటి. వాళ్ళ భాషలో మోద్ర్స్ అంటే మెలకువగా ఉండేవాడు, కాపు కాసేవాడు. మగపిల్లల పేరు గనక చివర 'ఇస్' తగులుతుంది. ఆడపిల్లైతే మోద్ర అంటారట. వాళ్ళ నాన్న రైతు. మొదటి కొడుకు పుట్టినప్పుడు ఇంకే పుస్తకమూ చూడకుండా ఆ మాట ఏరుకున్నాడు.

యుద్ధంలో ఇల్లు వదిలి పారిపోయి, జర్మనీలో పరాయి కొట్టాల్లో వందలమందితో కలిసి ఏళ్ళు గడిపారట. అక్కడ చెప్పులూ బూట్లూ దొంగతనాలు ఎక్కువ. ఆ అన్న ఇంట్లోవాళ్ళందరి బూట్లూ ఒకే తాడుకి గుచ్చి, తాడు కొస తన కాలికి కట్టుకుని పడుకునేవాడట. ఎవరు లాగినా లేస్తాడు. ఓడ ఎక్కే ముందు శీతాకాలంలో ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆ పిల్లాడు పోయాడు. ఈమె వాళ్ళమ్మానాన్నలతో ఇక్కడికొచ్చింది. ఈమెకి ఇద్దరూ ఆడపిల్లలే. ఆ పేరు ఇంతవరకూ ఎవరికీ పెట్టలేదు. పోయేలోగా ఆ పేరుతో ఒకణ్ణి పిలవాలని ఆమె కోరిక.

ఆమె వెళ్ళాక మా అమ్మాయి నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది.

"నేనెట్టా నో చెప్పను అమ్మా? ఆమె ఎన్నాళ్ళుంటుందో. నాన్నేమో అట్టా ఉన్నాడు. ఎవరికి ఎస్ అన్నా ఇంకొకరికి నో అన్నట్టే గదా."

"మీ ఆయనేమంటాడు?"

"నీ ఇష్టం అంటాడు. అంతకంటే వాడు గట్టిగా కాదంటే బాగుండేది."

పిల్లాడు పుట్టిన మర్నాడే కాగితాల మీద మోద్రిస్ అని రాసేశారు. నాకు ఫోటో చూపించి అమ్మాయి అంది, "నాన్నకి నువ్వే చెప్పమ్మా. నువ్వైతే నెమ్మదిగా చెప్తావు. నేను ఎదురుగా చెప్తే ఏడ్చేస్తాను."

ఒప్పుకున్నాను. అక్కడే నా మెడకి ఉరి నేనే తగిలించుకున్నాను.

ఆస్పత్రికి బస్సులో వెళ్తూ దారంతా అనుకుంటూనే ఉన్నాను. ముందు బిడ్డ ఎవరి పోలికో చెప్పాలి, చెవులు అచ్చం మీవేనని చెప్పాలి, ఆ తర్వాత ఓమా సంగతి ఎత్తాలి, బూట్ల తాడు సంగతి చెప్పాలి, చివరికి పేరు చెప్పి అర్థం చెప్పాలి. వరస అంతా బాగానే పెట్టుకున్నాను. గదిలోకి వెళ్ళగానే ఆయన ముందే అడిగేశారు, పేరేం పెట్టారే అని. ఆ ముఖం చూశాక నా వరసంతా ఎటో పోయింది. నోట్లోంచి "మీదే" అని వచ్చేసింది. రేపు అమ్మాయి పిల్లాణ్ణి తీసుకొస్తుంది గదా, అప్పుడు నెమ్మదిగా సర్దుకోవచ్చులే అనుకున్నాను. రేపు అనేది లేకుండా పోయింది.

ఇంటికి రాగానే అమ్మాయి అడిగింది. "చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు? బాధపడ్డాడా?"

"లేదు. మంచి పేరే అన్నారు."

అది రెండో అబద్ధం. దానికి బాలింత ఒళ్ళు, కుట్లు మానలేదు, అందుకని చెప్పానని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయన పోయాక ఆ పిల్ల ఎన్నిసార్లు నా భుజం మీద తలపెట్టుకుని అందో, "నాన్న మంచి పేరే అన్నాడు గదా అమ్మా, అదొక్కటే నాకు ఊరట," అని. అన్నప్పుడల్లా దాని తల నిమిరాను. ఏం చెయ్యను?

ఇంకొకటి నాకు తెలియకుండా జరిగింది. నేను బస్సెక్కాక ఆయన మంచం మీదనుంచే ఒంగోలు ఫోన్ చేశారు. ఆ మాట పదకొండో రోజున ఆడబిడ్డ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది.

"వదినా, నా పేరే పెట్టారంట అమ్మాయ్ అని చెప్పాడు వదినా. మీ వదినే వచ్చి చెప్పింది అన్నాడు. మా అన్నయ్య యాడికీ పోలా. మీ ఇంట్లోనే ఉన్నాడు. ఇంక నేను ఏడవను."

నేను ఫోను పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు రెండు పక్కలా నుయ్యే. కూతురికి ఒక మాట చెప్పాను, ఆడబిడ్డకి ఇంకో మాట చేరింది. రెండూ నావే. ఒకటి నిజం చేద్దామంటే రెండోది బయటపడుతుంది.

ఇంత పెద్ద అబద్ధం ఏడాది పాటు ఎలా నిలిచిందని ఎవరైనా అడుగుతారు. మా ఆచారమే దాన్ని కాపాడింది. మాలో మొగుడి పేరు ఆడది పలకదు. తాత పేరు పెట్టుకున్న మనవణ్ణి నాయనమ్మో అమ్మమ్మో ఆ పేరుతో పిలవకుండా 'పెద్దాయనా' అనో 'బుజ్జోడా' అనో పిలుచుకుంటుంది. అందుకని నేను ఏడాదిలో ఒక్కసారి కూడా పిల్లాడి పేరు ఎత్తకపోతే ఒంగోల్లో ఎవరికీ అనుమానం రాలేదు. పైగా మెచ్చుకున్నారు. "అంత దూరం పోయినా మీ వదిన మర్యాద మరవలేదే," అన్నారట వాళ్ళ వీధిలో.

ఆడబిడ్డ ప్రతి ఆదివారం వీడియో చేసేది. వాళ్ళకి పొద్దున, మనకి మధ్యాహ్నం. ఆ వేళకి అమ్మాయీ అల్లుడూ సరుకులకి వెళ్తారు. ఆమె తెరలోంచి అన్న పేరు పెట్టి పిలిచేది. పిల్లాడు పంకా వంక చూసేవాడు.

"ఏంది వదినా, ఎంత పిలిచినా తిరగడేంది? చెవులు చూపించారా డాక్టరుకి?"

"ఆట మీద ఉన్నాడులే అమ్మాయ్."

"మా అన్నయ్యా అంతే. పేకాట మీద ఉంటే ఎవరు పిలిచినా పలకడు."

ఆమె నవ్వింది. ఆ వారమే నా చెల్లెలి కూతుర్ని పిలిచి చెప్పాను. నేనైతే ఆ పేరు పలకలేను, నువ్వు పలుకు అని. అరటిపండు ముక్క చేతిలో పట్టుకుని, మా ఆయన పేరుతో పిల్లాణ్ణి పిలవడం, తిరిగితే ముక్క నోట్లో పెట్టడం. "పెద్దమ్మా, ఇది కుక్కపిల్లకి ట్రైనింగ్ ఇచ్చినట్టుంది, నాకు యూనివర్సిటీకి టైమైపోతాంది," అని గొణిగేది. అయినా చేసింది. రాయవే, సగంలో ఆపబాకు. నెల తిరిగేసరికి పిల్లాడు ఆ పేరుకి పాక్కుంటూ రావడం నేర్చాడు. ఆదివారం ఆడబిడ్డ మురిసిపోయింది.

ఆ తర్వాత ఓమా వచ్చింది. సోఫాలో కూర్చుని "మోద్రీ, మోద్రీ" అని చేతులు చాచింది. వాడు ఆమె వైపు చూడలేదు. వంటగదిలో నా చెల్లెలి కూతురు నోరు జారి ఆ రెండో పేరు అంది. వాడు గబగబా పాక్కుంటూ దాని దగ్గరికి పోయాడు. ఓమా చాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చీజు ముక్కలు కోసి అందరికీ పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఆయనని మోసం చేశాను, కూతుర్ని, ఆడబిడ్డని మోసం చేశాను, ఇప్పుడు ఈ ముసలామె దగ్గర్నుంచి కూడా లాక్కుంటున్నాను. అరటిపండు ఆట ఆ రోజుతో మాన్పించాను. తర్వాత వీడియోలో పిల్లాడు నిద్రపోతున్నాడని చెప్పడం మొదలుపెట్టాను. అలా ఇంకో అబద్ధం.

సంవత్సరీకానికి ఆడబిడ్డ విజిటర్ వీసా మీద వచ్చింది. తల్లి లేని పిల్లగా పెరిగిన మనిషి, జన్మలో విమానం ఎక్కని మనిషి, అన్నని చూడ్డానికని వచ్చింది. ఎయిర్‌పోర్టులోనే పిల్లాణ్ణి ఎత్తుకుని "అన్నయ్యా, నేను గుర్తున్నానా?" అంది. అమ్మాయి అది ముద్దుగా అన్న మాట అనుకుంది. అల్లుడు "మోద్రీ, లుక్, అత్తమ్మ!" అన్నాడు.

"మోద్రీ ఏంది వదినా?"

"వాళ్ళ వైపు ముద్దుపేరు."

"బాగానే ఉందిలే. ముద్దులోడు, ఎన్ని పేర్లయినా పెట్టుకోనీ."

ఇల్లంటే ఎంత ఇల్లు? మూడు గదులు. ఈ పక్క గదిలో కూతురు, ఆ పక్క గదిలో ఆడబిడ్డ, నడుమ నేను. ఇద్దరూ ఒక్కచోట కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను ఏదో ఒక పని కల్పించేదాన్ని. "అమ్మాయ్, ఆ పప్పు చూడు." "తల్లీ, పిల్లాడు లేచాడేమో చూడు." బోనులో ఎలుక మూలలు చూసుకున్నట్టు రోజంతా అదే పని.

ఒకరోజు ఓమా వచ్చింది. ఆమెకీ ఆడబిడ్డకీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. అయినా ఇద్దరూ వంటగది బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు వలుస్తూ మాట్లాడుకున్నారు. ఓమా పిల్లాడి వైపు చెయ్యి చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, "మై బ్రదర్," అంది. ఆడబిడ్డకి ఆ మాట తెలుసు. తనూ పిల్లాడి వైపు చూపించి, గుండె మీద చెయ్యి వేసుకుని, "మై బ్రదర్," అంది. ఓమా తల అడ్డంగా ఊపి, "నో, మై," అంది. ఆడబిడ్డ, "యస్ యస్, మై," అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు.

"చూశావా వదినా, మా అన్నయ్యని ఆమె కూడా అన్నయ్యా అంటోంది. ఎంత మంచి మనిషో!"

నా చెల్లెలి కూతురు నా వైపు చూసింది. నేను బఠాణీ తొక్కలు ఎత్తుకుని బయటికి పోయాను. చెత్తబుట్ట దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఏడాది మైల తీరింది గనక, పిల్లాడికి ఏడాది నిండింది గనక, హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. గుడి ముందు దిగేదాకా కారులో వెనక సీట్లో నేను నడిమిన. ఒక పక్క పిల్లాడి కుర్చీ, ఒక పక్క ఆడబిడ్డ. ముందు అమ్మాయి, అల్లుడు తోలుతున్నాడు. అర్చన దగ్గర పూజారిగారు అడిగారు, "పేరు, నక్షత్రం, గోత్రం?"

"మోద్రిస్," అన్నాడు అల్లుడు.

అదే క్షణంలో ఆడబిడ్డ తన అన్న పేరు గట్టిగా చెప్పింది. వెనకే, "గోత్రం వాళ్ళకి లేకపోతే మాది చెప్పండి స్వామీ," అంది.

పూజారిగారు అల్లుణ్ణి చూశారు, ఆడబిడ్డని చూశారు, పెద్దదాన్ని గదా అని నన్ను చూశారు. "అమ్మా?"

అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. దేవుడి ఎదురుగా చెప్పడానికి అంతకంటే మంచి వేళ దొరకదు. నేను, "రెండూ వాడివే స్వామీ," అన్నాను. ఆయన రెండూ చదివారు. దేవుడి దగ్గర కూడా అబద్ధం రాయించాను.

తర్వాత క్యాంటీన్లో పులిహోర తింటున్నాం. ఆడబిడ్డ సంతోషంలో ఉంది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న ఎంత పొంగిపోయాడో తెలుసా తల్లీ. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, నా పేరే పెట్టారంట అమ్మాయ్, మీ వదినే వచ్చి చెప్పింది, అన్నాడు. పసిపిల్లాడికి మల్లే చెప్పాడు. నువ్వు మాట నిలబెట్టుకున్నావు."

అమ్మాయి చెంచా ప్లేటులో ఆగిపోయింది. తల తిప్పి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్ని. నేనెవరో తెలియనట్టు చూసింది. తిరుగు దారంతా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆడబిడ్డ పిల్లాడికి పాటలు పాడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక పిల్లాడి బట్టలు మడతపెడుతూ అడిగింది. "నాన్న మంచి పేరే అన్నాడని చెప్పావు అమ్మా."

"తర్వాత మాట్లాడదాం," అన్నాను.

"సరే," అంది.

అది జరిగి మూడు రోజులైంది. అది మళ్ళీ అడగలేదు. అడిగితే నేనేం చెబుతానో అని దానికి భయం, అడుగుతుందేమో అని నాకు భయం. ఒకే ఇంట్లో ఒకరి అడుగుల చప్పుడు ఒకరం విని తప్పుకుంటున్నాం. ఆడబిడ్డకి ఇంకా ఏమీ తెలియదు. ఎల్లుండి దాని విమానం. ఎక్కేసిందంటే ఇక ఈ మాట ఫోనులో చెప్పే మాట కాదు. చెప్తే దాని అన్న రెండోసారి పోతాడు. చెప్పకపోతే నా కూతురు, తండ్రిని మోసంలోనే సాగనంపానన్న బరువు జన్మంతా మోస్తుంది. ఆ తప్పు దానిది కాదు. అది చెప్పమనే పంపింది. చెప్పనిది నేను.

నాకు ఎక్కువ కొరుకుతున్నది ఇంకొకటి. ఆయన పాతికేళ్ళు ఒంగోలు నుంచి హైదరాబాదుకి రాత్రి బస్సు తోలారు. వెనక నలభైమంది ఆదమరిచి నిద్రపోయేవాళ్ళు. వాళ్ళని నిద్రలోనే ఊరు చేర్చడం తన పని అనేవారు. ఇంటికొచ్చాక కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. మోద్రిస్ అంటే మెలకువగా ఉండేవాడని నేను చెప్పి ఉంటే, బూట్ల తాడు కాలికి కట్టుకున్న పిల్లాడి కథ చెప్పి ఉంటే, ఆయన ఏమనేవారో. బాధపడేవారేమో. ఓసి నీ, అచ్చం నాలాంటోడేనే అనేవారేమో. రెండిట్లో ఏదో నాకు తెలియదు, ఇక తెలియదు కూడా. తెలుసుకునే వీలు ఆయనకి ఇవ్వలేదు. పాపం తట్టుకోలేరనుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసి కూడా, ఒక పసివాడి పేరు మోసే బలం ఆయనకి లేదనుకున్నాను.

నోటితో చెబుదామని చూశాను. నాలుగుసార్లు ఆడబిడ్డ పక్కన కూర్చున్నాను. నోరు తెరిచేసరికి ఇంకేదో వస్తోంది. పులుసు ఎలా ఉందని అడుగుతున్నాను. ఏడాది అబద్ధమాడిన నోరు, దాన్ని నమ్మడానికి లేదు. అందుకని ఇలా రాయిస్తున్నాను. కాగితం మీదికి ఎక్కినదాన్ని, చదివేది ఇంకొకరైతే, మధ్యలో మార్చడం నా చేతిలో ఉండదు.

చెప్పవలసింది ఇంతే. మా మనవడి పేరు మోద్రిస్. వాడికి ఒకటే పేరు. అది మంచి పేరు, ఒకామె ప్రాణంలా దాచుకున్న పేరు. మా ఆయనకి ఆ పేరు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి చెప్పమంది, నేను చెప్పలేదు. మా ఆడబిడ్డ విన్నది నా అబద్ధం, వాళ్ళ అన్నయ్యది కాదు. ఆయన ఆఖరి సంతోషం నేనిచ్చిన దొంగ సంతోషం. దానికి ఏ శిక్ష వేసినా నాకే వెయ్యాలి.

కారు ఆగిన చప్పుడు. పెండిల్ హిల్ కొట్ల నుంచి అమ్మాయీ ఆడబిడ్డా వచ్చారు. చీరల సంచులు మోసుకొస్తున్నారు, నవ్వుతోంది ఆడబిడ్డే. తలుపు వెయ్యబాకు. వాళ్ళు వచ్చి ఈ సోఫాలో కూర్చునేదాకా ఆగు. నా వంక చూడకు, నేను ఆపమని చెయ్యి ఊపినా ఆపకు. నీ సంగతి వచ్చినచోట కూడా దాటెయ్యకు. ఏదీ తల్లీ, ఆ కాగితాలు తీసి మొదటినుంచీ చదివి వినిపించు. గట్టిగా.